పాత ఇటుక ఫైర్‌ప్లేస్‌కి రంగు వేయాలా వద్దా: పని డైరీ

ఇటుక ఫైర్‌ప్లేస్‌కి రంగు వేయొచ్చా అని వెతికితే వేయకముందు, వేశాక అంటూ ఫొటోలు బోలెడు దొరుకుతాయి. వేసిన రంగు నచ్చకపోతే ఎలా తీయాలి, మంట పక్కన ఆ రంగు ఏమవుతుంది, చెమ్మ ఉన్న ఇటుక మీద ఎందుకు పెచ్చులూడుతుంది, ఇవి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే కొలతలతో సహా రాస్తున్నాను. ఇదే పని పెట్టుకున్నవాళ్ళు నేరుగా వాడుకోవచ్చు, మాకు చెడిపోయినవి మీరు వదిలేయొచ్చు.

ఇంట్లో రెండు పక్షాలు. అమ్మకి మొత్తం తెల్లగా కావాలి, గది చీకటిగా ఉందని. నాన్నకి ఇటుక ఇటుకలాగే ఉండాలి. ఇద్దరి మాటా పక్కన పెట్టి ముందు కొలతలు తీశాం.

మొదటి దశ: కొలతలు

ఇటుక గోడ వెడల్పు 180 సెం.మీ., నేల నుంచి పైకప్పు దాకా ఎత్తు 240 సెం.మీ. మంట మండే నోరు 92 సెం.మీ. వెడల్పు, 72 సెం.మీ. ఎత్తు. నోరు తీసేస్తే మిగిలే ఇటుక ముఖం 3.66 చదరపు మీటర్లు. నోటి ముందు నేల మీద పరిచిన రాతి పలక, దాన్నే హార్త్ అంటారు, 45 సెం.మీ. ముందుకు ఉంది. ఆ తర్వాత చెక్క నేల. నోటి పై అంచు నుంచి 28 సెం.మీ. ఎత్తులో చెక్క మాంటెల్, అంటే నోటి పైన గోడకి బిగించిన అడ్డ పలక, గోడ నుంచి 18 సెం.మీ. ముందుకు పొడుచుకొచ్చి ఉంది.

రంగు సంగతి ఆలోచించేలోపే ఈ కొలతలు రెండు పెద్ద పనులు బయటపెట్టాయి. అమెరికాలో ఎక్కువ చోట్ల పాటించే ఐఆర్‌సీ అనే ఇళ్ళ కోడ్‌ని కొలబద్దగా తీసుకున్నాం. మీరున్న చోట వేరే నియమం ఉంటే దాన్నే చూసుకోవాలి. ఆ కోడ్ ప్రకారం:

1. నోటి వైశాల్యం 6 చదరపు అడుగులు, అంతకు మించి ఉంటే హార్త్ ముందుకు కనీసం 20 అంగుళాలు, అంటే 508 మి.మీ., రెండు పక్కలా 12 అంగుళాల చొప్పున ఉండాలి. మా నోరు సుమారు 7.1 చదరపు అడుగులు. పక్కలకి సరిపోయింది, ముందుకి దాదాపు 6 సెం.మీ. తక్కువ.
2. నోటికి 6 అంగుళాల లోపు కాలే వస్తువేదీ ఉండకూడదు. 6 నుంచి 12 అంగుళాల లోపు ఉంటే, నోటి నుంచి ఉన్న దూరంలో ఎనిమిదో వంతుకి మించి ముందుకి రాకూడదు. మా మాంటెల్ 28 సెం.మీ. దూరంలో ఉంది కాబట్టి 3.5 సెం.మీ. మించకూడదు. ఉన్నది 18.

అంటే ఇటుక ఏ రంగులో ఉన్నా ఈ మాంటెల్ అక్కడ ఉండకూడదు. రంగు డబ్బా కొనే ముందు టేపు తీసి ఈ రెండూ కొలుచుకోండి. నా దృష్టిలో ఈ డైరీ మొత్తంలో ఎక్కువ పనికొచ్చే మాట ఇదే.

తర్వాత ఒక మామూలు మంట వేసి, రెండు గంటలు నిలకడగా మండాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో వేడి చూశాం. ఇటుక మీద ఈ పరికరం బాగా పనిచేస్తుంది. మెరిసే ఇత్తడి, స్టీలు మీద మాత్రం తప్పు అంకె చూపిస్తుంది, అక్కడ చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి దాని మీద చూడాలి. నోటికి పైన:

- 5 సెం.మీ. దగ్గర 96 డిగ్రీలు
- 15 సెం.మీ. దగ్గర 74
- 30 సెం.మీ. దగ్గర 58
- 60 సెం.మీ. దగ్గర 41
- మాంటెల్ అడుగున 71

ఆఖరి అంకె చూడండి. మాంటెల్ ఉన్నది 28 సెం.మీ. ఎత్తులోనే, కానీ అదే ఎత్తులో ఉన్న ఇటుక కంటే ఎక్కువ వేడెక్కింది. ముందుకి పొడుచుకొచ్చిన చెక్క పైకి లేచే వేడి గాలికి అడ్డం పడుతుంది కదా, అందుకు. ఏళ్ళ తరబడి ఇలా వేడెక్కితే చెక్క లోలోపల మాడి, తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తుంది.

ఇంకో రెండు పరీక్షలు కూడా పని మొదలుపెట్టే ముందే చేశాం. మాంటెల్ మీద పాత తెల్ల రంగు పొరలు పొరలుగా ఉంది. అమెరికాలో ఇళ్ళ రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు, అంతకు ముందు వేసిన రంగయితే అనుమానించాల్సిందే. సీసం పరీక్ష పుల్లతో రుద్దితే ఎర్రగా మారింది. సీసం ఉందని తేలాక ఇక ఆ చెక్కని పొడిగా ఎమరీ పేపరు పట్టడం లేదు, హీట్ గన్‌తో కాల్చడం లేదు. ఫైర్‌ప్లేస్ నోటికున్న తలుపు ఫ్రేము చుట్టూ ఉన్న తెల్లటి తాడు ముక్కని ల్యాబ్‌కి పంపాం, ఊపిరితిత్తులకి ప్రమాదమైన ఆస్బెస్టాస్ నార లేదని వచ్చింది. పాత ఫైర్‌ప్లేసుల్లో సీలింగ్ తాళ్ళు, బోర్డులు, గ్యాస్ మంట కింద అలంకారానికి పోసే ఉత్తుత్తి నిప్పుకణికలు, బూడిద కూడా అనుమానించదగ్గవే. అలాంటి నిప్పుకణికల్లో ఆస్బెస్టాస్ వాడకాన్ని అమెరికా 1977లో ఆపేసింది. రిపోర్టు వచ్చేదాకా ఏదీ కదపకండి.

*ఇప్పటిదాకా మొత్తం: కొలిచిన ఇటుక 3.66 చ.మీ., శుభ్రం చేసింది 0, తేలిన తప్పనిసరి మార్పులు 2.*

రెండో దశ: మసి

ఇటుక అసలు రంగేమిటో తెలియకుండా దానికి రంగు వేయాలా వద్దా అని తేల్చడం కుదరదు. నోటి పైన ఆరు వరసలు నల్లగా ఉన్నాయి.

పక్కపక్కనే రెండు ఇటుకలు తీసుకుని పోల్చాం. ఒకదాన్ని నేరుగా సబ్బు నీళ్ళతో రుద్దాం. మసి కరిగి ఇటుక రంధ్రాల్లోకి, కింది సందులోకి దిగింది, తర్వాత ఎంత రుద్దినా బూడిద రంగు మరక ఉండిపోయింది. రెండోదాని మీద ముందు పొడిగా, మసి తుడవడానికే అమ్మే రబ్బరు స్పాంజితో ఒకే దిశలో లాగాం, తర్వాతే నీళ్ళు పట్టించాం. ఇది శుభ్రంగా వచ్చింది. పొడి పని ఎంత బాగా చేస్తే తడి పని అంత తగ్గుతుంది. మిగతాదంతా ఈ వరసలో చేశాం:

1. హెపా ఫిల్టరున్న వాక్యూమ్‌తో పొడి మసి లాగేయడం. మామూలు వాక్యూమ్ అయితే సన్నటి మసిని వెనక నుంచి గదిలోకే కొడుతుంది.
2. పొడి రబ్బరు స్పాంజి. ముఖం నల్లబడగానే చాకుతో పలచగా ఆ పొర కోసేసి కొత్త ముఖంతో మళ్ళీ.
3. ఇటుకని మామూలు నీళ్ళతో తడపడం, మందు నీళ్ళు లోపలికి పీల్చుకోకుండా.
4. 8 లీటర్ల వేడి నీళ్ళలో 120 గ్రాముల ట్రైసోడియం ఫాస్ఫేట్ కలిపి, నైలాన్ బ్రష్‌తో కింద నుంచి పైకి. పై నుంచి మొదలుపెడితే మురికి నీళ్ళు పొడి ఇటుక మీదకి కారి చారలు పడతాయి.
5. శుభ్రమైన నీళ్ళతో రెండుసార్లు కడగడం. ఫాస్ఫేట్ మిగిలితే తర్వాత ఏ పూతా సరిగా అంటదు.

చేతులకి రబ్బరు గ్లవ్స్, కళ్ళకి గాగుల్స్ తప్పనిసరి, ఈ మందు బాగా క్షారం. ఇనప తీగల బ్రష్ వాడకండి, దాని తునకలు సందుల్లో ఇరుక్కుని తుప్పు మరకలు పెడతాయి. యాసిడ్‌తో కడగమని కొందరంటారు, అది ఇటుకల మధ్య ఉన్న మాలుని తినేస్తుంది. ఆ యాసిడ్ బ్లీచ్‌తో కలిసిందంటే విషవాయువు పుడుతుంది. ఆ దారికే వెళ్ళలేదు.

కింద నుంచి మూడో వరస దగ్గరికి వచ్చేసరికి బయటపడింది: నోటి చుట్టూ, మాంటెల్ దాకా ఉన్న ఇటుకల మీద ఎప్పుడో వార్నిష్ పూశారు. అది పసుపుపచ్చగా మారి మెరుస్తోంది. మాంటెల్ పైనున్న ఇటుకలకి లేదు. ఇది తెలుసుకోవడానికి నీటి చుక్క పరీక్ష చాలు. చుక్క వేస్తే పైభాగంలో నిమిషంలోపు ఇంకిపోయింది, కింది భాగంలో ముత్యంలా నిలబడింది.

*ఇప్పటిదాకా మొత్తం: శుభ్రం చేసింది 3.66 చ.మీ., ఫాస్ఫేట్ 360 గ్రాములు, రబ్బరు స్పాంజీలు 5.*

మూడో దశ: ఉప్పు, చెమ్మ

కడిగి ఆరాక కుడి పైమూలలో తెల్లటి పొడి తేలింది. గోకితే వేలికి అంటుకుంటుంది. ఇది బూజు కాదు. ఇటుకలోని ఉప్పులు నీళ్ళలో కరిగి బయటికొచ్చి, నీళ్ళు ఆవిరయ్యాక పైన మిగిలిపోతాయి. ఉప్పు కనిపించిందంటే నీళ్ళు ఎక్కడినుంచో వస్తున్నాయనే. ఇక్కడ అందరూ రంగు కొట్టి కప్పేస్తారు. నీళ్ళు ఆగవు కాబట్టి ఉప్పు రంగు పొర వెనకాల పేరుకుని దాన్ని నెట్టేస్తుంది, పెచ్చులుగా ఊడుతుంది. ఎక్కువసార్లు తప్పు రంగుది కాదు, గోడలోని నీళ్ళది.

పరీక్ష సులువు. 45 సెం.మీ. చదరం పాలిథీన్ షీటు నాలుగు వైపులా టేపు వేసి గోడకి గట్టిగా అంటించి 16 గంటలు వదిలేయాలి. కాంక్రీటు నేలల చెమ్మ చూడటానికి వాడే పద్ధతే ఇది. మా కుడి మూల షీటు లోపలి వైపు నీటి బొట్లు పట్టాయి, ఎడమ వైపు షీటు పొడిగా ఉంది. కడిగిన తడి ఇంకా మిగిలుంటే రెండు వైపులా బొట్లు రావాలి. ఒక్క వైపే వచ్చాయంటే కారణం పైన ఉంది.

చిమ్నీ చూసే ఆయన్ని పిలిచాం. ఎలాగూ పిలవాల్సిందే, ఎన్‌ఎఫ్‌పీఏ 211 అనే అగ్ని భద్రతా ప్రమాణం ఏడాదికోసారి చిమ్నీ తనిఖీ చేయించమంటుంది. పొగగొట్టం తలమీదున్న సిమెంటు టోపీలో కుడివైపు పగులు కనిపించింది. ఆయన పగులు పూడ్చి, గొట్టం లోపల పేరుకున్న క్రియోసోట్‌ని, అంటే కట్టెల పొగ వదిలే తారులాంటి పదార్థాన్ని కూడా గీకి తీశారు.

ఉప్పుని కడగలేదు. నీళ్ళు పోస్తే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో దులిపి వాక్యూమ్‌తో లాగాం, ఉప్పు తేలిన మేర చుట్టూ పెన్సిల్‌తో సన్నగా గీత గీశాం, మళ్ళీ వస్తే ఎంత మేర వచ్చిందో తెలియడానికి. ఒక మంచి వాన పడేదాకా ఆగి షీటు మళ్ళీ అంటించి చూస్తే పొడిగా వచ్చింది. అప్పుడే ముందుకి కదిలాం.

నాలుగో దశ: నమూనా గళ్ళు, వేయడమూ తీయడమూ

ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే, పట్టాలి కూడా. ఒక్కో గడి 20 సెం.మీ. చదరం. కొన్ని గోడ పక్క ముఖం మీద, ఎవరికీ కనిపించని చోట. కొన్ని నోటికి దగ్గర్లో, ఎందుకంటే అక్కడి వేడి పక్క ముఖానికి తగలదు.

మొదటి గడి, నీటి ప్రైమర్ (రంగు కింద వేసే తొలి పూత), దాని మీద అక్రిలిక్ రంగు. మర్నాటికి మసి మరక గోధుమ రంగులో పైకి తేలింది. ఇంకో కోటు వేస్తే ఇంకొంచెం పలచగా మళ్ళీ తేలింది. మసిలో ఉండే తారులాంటి పదార్థాలు నీటి ప్రైమర్‌లోంచి దూరి వచ్చేస్తాయి.

రెండో గడి, షెల్లాక్ ప్రైమర్, దాని మీద అదే రంగు. మరక పూర్తిగా ఆగింది, ఇది ఆల్కహాల్‌లో కరిగిన లక్క కాబట్టి. వేసేటప్పుడు కిటికీలు తీసి, ఇంట్లో ఏ మంటా లేకుండా చూసుకోవాలి. కానీ నోటికి 5 సెం.మీ. పైన ఇదే జోడీ వేసి, ఆరాక మంట పెట్టి రెండు గంటల తర్వాత ఒక కాగితం నొక్కి తీస్తే అంటుకుని చిరిగింది. లక్క స్వభావమే వేడికి మెత్తబడటం. అక్కడ ఇటుక 96 డిగ్రీలుంది మరి. 60 సెం.మీ. ఎత్తులో వేసిన గడికి కాగితం అంటలేదు. అంటే మామూలు రంగు వేయాలనుకున్నా నోటి చుట్టూ ఒక పట్టీ వదిలేయాలన్నమాట. లోపల మంట మండే గది గోడలకైతే గోడ రంగు ఊసే వద్దు.

మూడో గడి, సున్నం. పలచగా, పాలలా కలిపి, తడిపిన ఇటుక మీద. వార్నిష్ లేని పైభాగంలో చక్కగా పట్టింది. వేసిన వెంటనే అసలు వేశామా అన్నట్టు కనపడదు, ఆరేకొద్దీ తెలుపు పైకొస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని మెల్లగా రాయిగా, కాల్షియం కార్బనేట్‌గా మారుతుంది. వార్నిష్ ఉన్న కింది భాగంలో వేసింది మాత్రం ఆరాక అరచేత్తో తుడిస్తే పొడిలా రాలిపోయింది. అంటుకోవడానికి రంధ్రమే లేదు.

నాలుగో గడి, సిలికేట్ రంగు. జర్మనీలో కైమ్ 1878లో పేటెంటు తీసుకున్న రకం. పొటాషియం సిలికేట్ ఇటుకతో రసాయనికంగా కలిసిపోతుంది, ఆవిరిని ఆపదు, కాలదు. పని పరంగా అన్నిట్లోకీ ఇదే గట్టిది. వార్నిష్ మీద ఇదీ పట్టదు.

ఐదో గడి, ఏమీ వేయని, శుభ్రం చేసిన ఇటుక.

ఇప్పుడు అసలు పరీక్ష. ప్రతి గడిలో సగాన్ని తీసేయడానికి ప్రయత్నించాం.

1. అక్రిలిక్: పెయింట్ తీసే జెల్ రాసి, పైన ప్లాస్టిక్ కప్పి, రాత్రంతా ఉంచి గీకాం. ముఖం మీది రంగు వచ్చింది. రంధ్రాల్లోది, సందుల్లోది రాలేదు. ఇంకోసారి జెల్ పెట్టినా తెల్లటి చుక్కలు అలాగే ఉన్నాయి, గట్టిగా గీకిన చోట ఇటుక పైపొరే లేచింది.
2. సున్నం: వేసిన మర్నాడు నీళ్ళు, నైలాన్ బ్రష్‌తో దాదాపు అంతా పోయింది. నెల తర్వాత ప్రయత్నించిన సగం మాత్రం మొండికేసింది, లేత తెల్లదనం మిగిలింది.
3. సిలికేట్: రాలేదు. రాదు కూడా, ఇటుకలో భాగమైపోయింది.

ఆ చుక్కల గడి చూపించాక అమ్మ కాసేపు దాని ముందే నిలబడి, "అయితే ఒకసారి వేస్తే ఇక అంతేనా?" అంది. అంతే అమ్మా అన్నాను. వాదన అక్కడ ముగిసింది. అందుకే చెబుతున్నా, రంగు వేసి చూడటం సగం పరీక్షే. తీసి చూడండి.

*ఇప్పటిదాకా మొత్తం: గళ్ళు 9, షెల్లాక్ ప్రైమర్ 150 మి.లీ., అక్రిలిక్ 200 మి.లీ., సున్నం నీళ్ళు 100 మి.లీ., జెల్ పావు లీటరు.*

ఐదో దశ: ఏం చేయాలని తేల్చుకున్నాం

శుభ్రం చేసిన ఇటుకని దగ్గరగా చూస్తే, ఇన్నాళ్ళూ ఇటుక అనుకుని మేం విసుక్కున్నది ఇటుకని కాదు. మసి, పసుపు వార్నిష్, ఎవరో బూడిద రంగు సిమెంటుతో వేసిన అతుకులు, వేలాడుతున్న మాంటెల్, ఇత్తడి తలుపు ఫ్రేము. వీటిలో ఏదీ రంగు వేస్తే బాగుపడేది కాదు, ఇటుకకి రంగు వేయకుండానే అన్నీ మారతాయి. నిర్ణయం ఇలా:

- మాంటెల్ కింద ఇటుక: వార్నిష్ తీసి, అతుకులు మార్చి, ఏమీ పూయకుండా వదిలేయడం.
- మాంటెల్ పైన: సున్నం. గదికి వెలుగొస్తుంది, చెమ్మ ఎప్పుడైనా వచ్చినా ఆవిరి బయటికి పోతుంది.
- మాంటెల్: తీసేసి కొత్తది, పైకి జరిపి.
- ఫ్రేముకి మాత్రమే రంగు, వేడి తట్టుకునేది.
- హార్త్ ముందుకి పెంచడం.

ఒక్క మాట. మీ ఇటుకలకి ఎవరో ఇప్పటికే అక్రిలిక్ వేసి ఉంటే ఈ లెక్క మారిపోతుంది. దాన్ని తీయడానికి పడే శ్రమ చూశాను కాబట్టి, అలాంటప్పుడు పెచ్చులు గీకి, చెమ్మ చూసుకుని, మళ్ళీ మంచి రంగే వేసుకోమంటాను.

ఆరో దశ: పాయింటింగ్

ఇటుకల సందుల్లో పాత మాలు తీసి కొత్తది నింపడమే పాయింటింగ్. బూడిద రంగు అతుకులు కలిపి సుమారు 6 మీటర్ల పొడవు. గట్టి సిమెంటు మాలు మెత్తటి పాత ఇటుకల మధ్య ఉంటే, చెమ్మ, కదలిక రెండూ ఇటుక మీదే పడి ఇటుక అంచులు పగులుతాయి. మాకు రెండు ఇటుకలు అలా పగిలి ఉన్నాయి.

1. సందు వెడల్పు 10 మి.మీ., దానికి రెండున్నర రెట్లు, 25 మి.మీ. లోతుకి పాత మాలు తీయాలి. సందు కంటే సన్నటి ఉలి, చిన్న సుత్తి. గ్రైండర్ పెడితే ఇటుక అంచులు కోసుకుపోతాయి, సిలికా దుమ్ము గది నిండా లేస్తుంది. ఉలికి కూడా మాస్కు పెట్టుకోవాల్సిందే.
2. సందు దులిపి, తడిపి.
3. మాలు కొలత: 1 పాలు సిమెంటు, 2 పాళ్ళు సున్నం, 9 పాళ్ళు ఇసుక.
4. సన్న తాపీతో పొరలు పొరలుగా కూరడం, ఒకేసారి నింపితే లోపల గుల్ల మిగులుతుంది.
5. తడిగుడ్డ వేలాడదీసి మెల్లగా ఆరనివ్వడం.

రంగు కలవడం దగ్గర చాలా తంటా పడ్డాం. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా సరిపోయిన మాలు ఆరాక రెండు ఛాయలు తేలిపోయి, గోడ మీద చారలా కనిపించింది. ఆ మీటరు పొడవు మళ్ళీ తీసి, వేరువేరు ఇసుకలతో చిన్న బిళ్ళలు చేసి పూర్తిగా ఆరనిచ్చి, పాత సందు పక్కన పెట్టి చూసి ఎంచుకున్నాం. మాలు రంగుని తేల్చేది సిమెంటు కంటే ఇసుకే.

లోపల మంట గది సంగతి వేరు. అక్కడి ఇటుకలు, మాలు మంట తట్టుకునే రకం (రిఫ్రాక్టరీ) కావాలి, సందు 6 మి.మీ. మించకూడదు. మామూలు మాలు అక్కడ వేస్తే వేడికి పొడి అయిపోతుంది. రెండు సందులు ఊడి ఉంటే రిఫ్రాక్టరీ మాలుతో నింపాం. లోపలి పనిలో అంతకు మించి చేయి పెట్టలేదు.

*ఇప్పటిదాకా మొత్తం: పాయింటింగ్ 6 మీటర్లు, మళ్ళీ చేసింది అందులో 1 మీటరు, మాలు సుమారు 3.5 కిలోలు, రిఫ్రాక్టరీ మాలు పావు కిలో.*

ఏడో దశ: వార్నిష్ తీయడం, సున్నం

కింది ఇటుక 1.35 చ.మీ. జెల్ కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి, మిథిలీన్ క్లోరైడ్ ఉన్నది వద్దు. మూసిన గదుల్లో ప్రాణాలు తీసిన రసాయనం అది, అమెరికా 2019లో అలాంటి పెయింట్ రిమూవర్లని ఇంటి వాడకానికి అమ్మకుండా ఆపింది. మేం వాడినది మెల్లగా పనిచేసే రకం. మందంగా రాసి, ప్లాస్టిక్ కప్పి, కొన్ని గంటల తర్వాత చెక్క గరిటెతో గీకి, నైలాన్ బ్రష్‌తో కడిగాం. వార్నిష్ అక్రిలిక్‌లా రంధ్రాల్లో ఇరుక్కోలేదు, పైపొరగానే ఉండటం మా అదృష్టం. పూర్తయిందో లేదో కంటితో చూస్తే తెలియదు. ప్రతి ఇటుక మీద నీటి చుక్క వేసి, నిలబడిన వాటికి మళ్ళీ జెల్ పెట్టాం.

సున్నం వేసింది 2.16 చ.మీ. కొత్త మాలు ఆరి గట్టిపడ్డాక, నాలుగు వారాలు ఆగి మొదలుపెట్టాం. సున్నం కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది, గాగుల్స్ లేకుండా డబ్బా మూత కూడా తీయొద్దు. మొదటి కోటు ఎండ పడే ఎడమ పక్క త్వరగా ఆరిపోయి పొడిపొడిగా రాలింది. సున్నం గట్టిపడాలంటే కొంత తడి ఉండాలి. రాలిందాన్ని దులిపి, కర్టెన్ వేసి, ఇటుక ముఖం మీద నీళ్ళు మెరవకుండా లోపల మాత్రం తడి ఉండేలా స్ప్రేతో తడిపి మళ్ళీ వేస్తే నిలిచింది. మొదటి కోటు 0.7 లీటరు తాగింది, రెండోది 0.5, మూడోది 0.4. మూడో కోటు అన్ని చోట్లా వేయలేదు, ఇటుక రూపం అక్కడక్కడా కనపడాలని నాన్న పట్టు పట్టారు, అది మంచి మాటే.

*ఇప్పటిదాకా మొత్తం: వార్నిష్ తీసింది 1.35 చ.మీ., జెల్ నమూనాలతో కలిపి 2.25 లీటర్లు, సున్నం నమూనాలతో కలిపి 1.7 లీటర్లు.*

ఎనిమిదో దశ: మాంటెల్, ఫ్రేము, హార్త్

పాత మాంటెల్‌ని గీకకుండా, కోయకుండా, ఒకే ముక్కగా విప్పి ప్లాస్టిక్‌లో చుట్టి సీసం వ్యర్థాల పద్ధతిలో పంపేశాం. కొత్తది 8 సెం.మీ. మందం, నోటి పై అంచుకి 40 సెం.మీ. ఎత్తులో.

ఇత్తడి ఫ్రేము విప్పి, 220 నంబరు ఎమరీ పేపరు పట్టి, అసిటోన్‌తో తుడిచి, 650 డిగ్రీలు తట్టుకునే స్టవ్ పెయింట్ కొట్టాం. ఆరాక మూలల్లో గోరుతో గీకితే పొరలా లేచింది. కింద కంటికి కనపడని, లాకర్ అనే పారదర్శక పూత ఉంది, మెరిసే ఇత్తడి సామాను మీద ఇది మామూలే. ఫ్రేము మొత్తం జెల్‌తో తీసి, మెరుపు పోయేదాకా ఎమరీ పట్టి, చాలా పలచటి కోట్లు మళ్ళీ వేస్తే పట్టింది. ఈ రంగు మంట వేడికే పూర్తిగా గట్టిపడుతుంది. మొదటి మంటలు చిన్నవిగా వేయాలి, అప్పుడు ఘాటు వాసన, కొద్దిగా పొగ వస్తాయి, కిటికీలు తెరిచి ఉంచండి.

హార్త్ పని తాపీ మేస్త్రి చేశారు. చెక్క నేలని 10 సెం.మీ. వెనక్కి కోసి, కింద కాలని ఆధారం పోసి, పైన రాయి పరిచారు. ఇప్పుడు 55 సెం.మీ.

చివరి కొలతలు

చిన్న మంటలయ్యాక, మొదట వేసినంత మంట వేసి రెండు గంటలకి చూశాం. నోటికి పైన 5 సెం.మీ. దగ్గర 95 డిగ్రీలు, అక్కడ మారాల్సిన అవసరమూ లేదు, అది పూత లేని ఇటుక. కొత్త మాంటెల్ అడుగున 52. సున్నం మొదలయ్యే చోట 44. చేత్తో రుద్దితే సున్నం రాలడం లేదు. కొత్త పాయింటింగ్‌లో ఒక చోట వెంట్రుకంత పగులు వచ్చింది, నోటి కుడి పై మూలలో, నోటి పైన ఇటుకల బరువు మోసే లింటెల్ ఇనుము చివర ఉన్న చోటే. ఇనుము వేడికి వ్యాకోచించడం వల్ల అనుకుంటున్నాం. అక్కడి మాలు మళ్ళీ తీసి, ఇనుము చివర చిన్న ఖాళీ వదిలి నింపాలి. ఇంకా చేయలేదు.

మొత్తం వాడినవి:

- ఫాస్ఫేట్ 360 గ్రాములు
- రబ్బరు స్పాంజీలు 5
- పెయింట్ తీసే జెల్ 3 లీటర్లు, ఫ్రేముతో కలిపి
- మాలు 3.5 కిలోలు, రిఫ్రాక్టరీ మాలు పావు కిలో
- సున్నం నీళ్ళు 1.7 లీటర్లు
- స్టవ్ పెయింట్ 2 స్ప్రే డబ్బాలు
- ఇటుక మీద వేసిన మామూలు రంగు: నమూనా గళ్ళు తప్ప ఏమీ లేదు

కుడి పైమూలలో పెన్సిల్ గీత సున్నం కింద కనపడదు కాబట్టి దాని కొలత గోడ పక్క ముఖం మీద రాసి పెట్టాను, పైకప్పు నుంచి 34 సెం.మీ., కుడి అంచు నుంచి 41. వానలు తగ్గాక అక్కడ పాలిథీన్ షీటు మళ్ళీ అంటించి చూసి, అంకె ఇక్కడ రాస్తాను.